ప్లాస్టిక్కు పుట్టుక, దాని ఖరీదు

వరి నూర్పులు పూర్తయి ధాన్యం కళ్ళాల నుండి కదిలే రోజులలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో రెండు రకాల సంచులు కనిపిస్తాయి. ఒకటి గోధుమ రంగు గోనె సంచి. రెండవది తెల్లగా మెరిసే ప్లాస్టిక్కు సంచి. రెండింటిలోనూ 50 కిలోల సరుకు పడుతుంది. ఐతే ఖాళీ సంచులను త్రాసులో వేసి చూస్తే గోనె అర కిలోకు పైగా తూగుతుంది; ప్రభుత్వ ధాన్య సేకరణకు వాడే గోనె బరువు సుమారు 580 గ్రాములు. ప్లాస్టిక్కు సంచి నూరు గ్రాములకు కొంచెం అటూ ఇటూ. ఐదవ వంతు బరువుతో అదే పని చేసే వస్తువు అంగడిలో చవుకగా దొరకడం వింత కాదు. ఆ చవుకదనం ఎక్కడ నుండి వచ్చినది, ఆ ధరలో ఏ ఖర్చులు చేరినవి, ఏవి చేరలేదు అన్నదే విచారించవలసిన విషయం.

ముందుగా గోనె సంగతి. ఉత్తరాంధ్రలో గోనెకు మూలం బెంగాలు జనుము కాదు, గోగు. గోంగూరగా వండుకొనే మొక్కా, నార కోసం నిటారుగా ఎత్తు పెంచే గోగూ ఒకే జాతివి. ఈ నార భీమునిపట్నం రేవు నుండి ఓడలకెక్కి విదేశాలకు పోయిన కాలంలో వర్తకులు దీనికి 'బిమ్లీపటం జ్యూట్' అని పేరు పెట్టారు. ఆ పేరు వృక్షశాస్త్ర గ్రంథాలలో కూడ నిలిచిపోయినది. నార దొరికేచోటనే మిల్లులు లేచినవి. నెల్లిమర్ల, చిట్టివలస, సాలూరు, రాజాం మొదలైన ఊళ్ళు జనపనార మిల్లుల ఊళ్ళు అయినవి. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలసలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం గోగు వంగడాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. అక్కడ పుట్టిన వంగడాల పేర్లకు ముందు వచ్చే 'ఎ.ఎం.వి.' అనే అక్షరాలు ఆ ఊరి పేరులోనివే.

గోగునారను సూక్ష్మంగా పరీక్షిస్తే అందులో ముఖ్యభాగం సెల్యులోజు అనే పదార్థం. సెల్యులోజు అణువు ఒక గొలుసు. గ్లూకోజు వంటి చిన్న చక్కెర ముక్కలు వేల సంఖ్యలో ఒకదాని చేయి ఒకటి పట్టుకొని నిలిచిన వరుస అది. ఇటువంటి గొలుసు అణువులను పాలిమర్లు అంటారు. గొలుసులో ఒక్కొక్క కడియాన్ని మానోమర్ అంటారు. ప్లాస్టిక్కు కూడ పాలిమరే. కనుక గోనెకూ ప్లాస్టిక్కు సంచికీ భేదం గొలుసు ఉన్నదా లేదా అనే దానిలో లేదు. ఆ గొలుసును అల్లినదెవరు, ఏ వేడి మీద అల్లారు, పని తీరిన తరువాత దానిని విప్పగలవారెవరు అనే దానిలో ఉన్నది. గోగు మొక్క తన గొలుసును పొలంలోని వేడిమికి, ఎండ నుండి శక్తిని గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ నేలలోని నీటినీ కలిపి అల్లుకొంటుంది. నేలలోని సూక్ష్మజీవులకు ఆ గొలుసును విప్పడం తెలుసు. కోట్ల సంవత్సరాలుగా అవి చేస్తున్న పని అదే.

పెద్ద పెద్ద అణువులు ఇట్లు గొలుసులుగా ఉంటాయని 1920 లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్ ప్రకటించినప్పుడు తోటి రసాయనికులు అంత సులభంగా నమ్మలేదు. ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది 1953 లో. అప్పటికి గొలుసులను కర్మాగారాలలో అల్లడం పెద్ద పరిశ్రమ అయినది.

తెల్ల సంచికి వాడే ప్లాస్టిక్కు పేరు పాలిప్రొపిలీను. దాని కడియం ప్రొపిలీను అనే వాయువు. అందులో మూడు కర్బన పరమాణువులు, ఆరు ఉదజని పరమాణువులు ఉంటాయి. దీనికి ముడి సరుకు సామాన్యంగా నేలనూనె. విశాఖపట్నంలో 1957 లో కాల్‌టెక్స్ కంపెనీ స్థాపించిన చమురు శుద్ధి కర్మాగారం తరువాత హిందుస్థాన్ పెట్రోలియం సంస్థకు చేరినది. ఇటువంటి కర్మాగారాలలో ముడి చమురును మరిగించి, కిరసనాయిలు, డీజెలు మొదలైనవాటితో పాటు నాఫ్తా అనే తేలికపాటి ద్రవాన్ని వేరుచేస్తారు. నాఫ్తాలోని అణువులు ప్లాస్టిక్కుకు పనికివచ్చే రూపంలో ఉండవు. కనుక వాటిని చిట్లించాలి. నీటి ఆవిరితో కలిపి, ఎర్రగా కాలిన గొట్టాలలో సుమారు 800 నుండి 850 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి గురిచేస్తారు. ఒక సెకండులో కొద్ది భాగం మాత్రమే అవి ఆ వేడిలో ఉంటాయి. అంతకన్న ఎక్కువసేపు ఉంటే అంతా మసి అవుతుంది. ఆ క్షణంలో అణువులు తెగి ఎథిలీను, ప్రొపిలీను మొదలైన చిన్న ముక్కలు పుడతాయి. ఈ వాయువుల మిశ్రమాన్ని వెంటనే చల్లార్చి, అదిమి, ద్రవాలుగా మార్చి, ఒక్కొక్కటి వేరుచేయాలి. ఎథిలీను ద్రవం కావాలంటే మామూలు పీడనంలో సున్నకు 104 డిగ్రీలు దిగువకు పోవాలి. కొలిమి వేడిమి ఒక ప్రక్క, మంచు కన్న ఎంతో చల్లదనం మరొక ప్రక్క! ప్లాస్టిక్కు తయారీలో శక్తి అధికంగా ఖర్చయ్యే ఘట్టం ఇదే.

ఇట్లు దొరికిన ప్రొపిలీనును గొలుసుగా మార్చడం చాలకాలం సాధ్యపడలేదు. కడియాలు కలిసేవి కాని, ప్రతి కడియానికీ ప్రక్కన వ్రేలాడే చిన్న కొమ్మ ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగి, వచ్చిన పదార్థం జిగటగా పనికిరాకుండ ఉండేది. 1953 లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకాలను గ్రహించి, 1954 లో ఇటలీలో గిలియో నట్టా ఆ కొమ్మలన్నీ ఒకే వైపు వరుసగా నిలిచే గొలుసును సాధించాడు. వరుస కుదిరినందువల్ల గొలుసులు ఒకదానిపై ఒకటి పేర్చిన చాపల వలె దగ్గరగా ఒదిగి గట్టి పదార్థం అయినది. ఆ ఇద్దరికీ 1963 లో నోబెల్ బహుమానం ఇచ్చారు. నేడు టిటానియం క్లోరైడు ఆధారమైన ఉత్ప్రేరకంతో, 60 నుండి 80 డిగ్రీల వేడిలో, ఈ పని సాగుతుంది. వచ్చిన పొడిని కరగించి సగ్గుబియ్యం వంటి పలుకులుగా చేస్తారు. సంచులు నేసే మిల్లుకు చేరేది ఈ పలుకులే. తూర్పు తీరాన హల్దియాలోనూ పారదీపులోనూ వీటిని తయారుచేసే పెద్ద కర్మాగారాలు ఉన్నవి.

మిల్లులో పలుకులను కరగించి పలుచని రేకుగా తీసి, సన్నని పట్టీలుగా కోసి, వేడిచేస్తూ ఐదారు రెట్లు పొడుగు వచ్చేదాకా లాగుతారు. లాగినప్పుడు లోపల చిక్కుపడి ఉన్న గొలుసులు నిలువుగా ఒక వైపుకు తిరుగుతాయి. గోగునార బలానికి కూడ కారణం గొలుసులు నిలువుగా పరచుకొని ఉండడమే. మొక్క సహజంగా చేసుకొన్న ఏర్పాటును యంత్రం లాగి సాధిస్తుంది. ఆ తరువాత పట్టీలను గుండ్రని మగ్గాల మీద గొట్టంగా నేసి, కోసి, కుడితే సంచి తయారు. ఈ ప్రక్రియ ఎండావానలతో నిమిత్తం లేకుండ రాత్రింబగళ్ళు సాగుతుంది.

గోగుకు ఈ సౌకర్యం లేదు. తొలకరికి విత్తి, పూత సమయానికి కోసి, కట్టలు కట్టి, చెరువులోనో గుంటలోనో బరువులు పెట్టి ముంచి ఊరవేయాలి. రెండు మూడు వారాలలో నీటిలోని సూక్ష్మజీవులు నారను కాడకు అంటించి ఉంచిన జిగురును తినివేస్తాయి. మనుషులు నడుములోతు మురుగు నీటిలో నిలబడి ఒక్కొక్క కట్ట నుండి నార ఒలిచి, ఉతికి, ఆరవేయాలి. ఆ నీరు కంపుకొట్టి చేపలకు పనికిరాదు. వానలు ముఖం చాటేసిన ఏడు చెరువులో నీరే ఉండదు. కూలి పెరిగింది, ఆ పనికి వచ్చేవారు తగ్గారు. గోగు సాగు తగ్గడానికి ప్లాస్టిక్కు ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. మిల్లులో నార మెత్తబడడానికి చల్లే నూనె కూడ చాలకాలంగా ఖనిజ తైలమే. అందువల్ల గోనె నేలనూనె ఎరుగని పవిత్ర వస్తువు అనడానికి వీలు లేదు. ఆహార ధాన్యాల గోనెలకు మాత్రం తవుడు నూనె వంటివి వాడే పద్ధతి వచ్చినది.

ఐనా ప్లాస్టిక్కు పోటీ గట్టిదే. సిమెంటు, ఎరువులు, పంచదార ఒకదాని వెంట ఒకటి తెల్ల సంచిలోకి మారడం చూచి, 1987 లో కేంద్ర ప్రభుత్వం కొన్ని సరుకులను జనపనార సంచులలోనే నింపాలని చట్టం చేసింది. తరువాతి సంవత్సరాలలో ఆ నిర్బంధం ఆహార ధాన్యాలకూ, పంచదారలో నూటికి ఇరవై వంతులకూ మిగిలినది. చిట్టివలస మిల్లు 2009 లో మూతపడినది. నెల్లిమర్ల మిల్లు ఎన్నో మార్లు మూతపడి తెరుచుకొన్నది.

ఇక తెల్ల సంచి లెక్క. ఒక కిలో పాలిప్రొపిలీను తయారుకావడానికి, అందులోనే కలిసిపోయే చమురూ, కొలిమికీ యంత్రాలకూ మండించే ఇంధనమూ కలిపి, సుమారు 70 నుండి 80 మెగాజౌళ్ళ శక్తి పడుతుంది. ఒక కిలో ముడి చమురులో ఉండే శక్తి సుమారు 42 మెగాజౌళ్ళు. అనగా కిలో ప్లాస్టిక్కు వెనుక కిలోముప్పావు చమురు ఉన్నది. నూరు గ్రాముల సంచికి ఇంచుమించు ఒక గ్లాసెడు చమురు. తయారీలో గాలిలో కలిసే బొగ్గుపులుసు వాయువు కిలోకు సుమారు రెండు కిలోలు. ఒక్క సంచికి ఇది పెద్ద లెక్కగా తోచదు. కాని ప్రపంచంలో 1950 లో ఏటా తయారైన ప్లాస్టిక్కు 20 లక్షల టన్నులు. 2022 నాటికి అది 40 కోట్ల టన్నులకు చేరినది. డెబ్బది రెండు ఏళ్ళలో ఇన్నూరు రెట్లు!

చమురు ఖర్చు, కరెంటు ఖర్చు పలుకుల ధరలో చేరుతాయి. చేరనిది మరొకటి ఉన్నది. గొలుసు అల్లే చర్యలోనే ఇమిడి ఉన్న ప్రమాదం అది. దానికి నిదర్శనం ఎక్కడో లేదు. విజయనగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నం శివారున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్నది. అక్కడ 1961 లో హిందుస్థాన్ పాలిమర్స్ అనే పేరుతో ఒక కర్మాగారం వెలసినది. దువ్వెనలు, డబ్బాలు, తేనీటి కప్పులు మొదలైనవాటికి పనికివచ్చే పాలిస్టైరీను దాని ఉత్పత్తి. 1997 లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కెమ్ సంస్థ దానిని తీసుకొన్నది.

పాలిస్టైరీనుకు కడియం స్టైరీను. బెంజీనును ఎథిలీనుతో కలిపి, వచ్చినదాన్ని సుమారు 600 డిగ్రీల వద్ద ఇనుప ఆక్సైడు ఉత్ప్రేరకం మీదుగా పంపి, రెండు ఉదజని పరమాణువులను తొలగిస్తే స్టైరీను అవుతుంది. 1960 ప్రాంతంలో మన దేశానికి నాఫ్తా చిట్లించే పెద్ద కర్మాగారాలు లేవు. ఎథిలీనును చాల భాగం చక్కెర మిల్లులలో మిగిలే మొలాసిస్ నుండి తీసిన ఆల్కహాలు ద్వారా సంపాదించేవారు. ఆ విధంగా తొలినాటి మన ప్లాస్టిక్కులో చెరకు పాలు ఉన్నది! తరువాత నేలనూనె సరుకు చవుక అయి ఆ దారి మూసుకుపోయినది. స్టైరీను ఓడలలో దిగుమతి అయి పెద్ద ట్యాంకులలో నిల్వ ఉండసాగినది.

స్టైరీను రంగులేని ద్రవం. దీనికి ఒక స్వభావం ఉన్నది. ఎవరూ కలపకపోయినా కడియాలు తమంత తామే మెల్లగా గొలుసు కడతాయి. కలిసినప్పుడెల్లా వేడి పుడుతుంది. అనగా ఇది ఉష్ణమోచక చర్య. ఎంత వేడి అన్నది పాఠశాల విద్యార్థి లెక్కవేయగలడు. 104 గ్రాముల స్టైరీను గొలుసు కడితే సుమారు 70 కిలోజౌళ్ళు వెలువడుతాయి. అనగా గ్రాముకు 670 జౌళ్ళు. ఒక గ్రాము స్టైరీను వేడిని ఒక డిగ్రీ పెంచడానికి కావలసినది 1.8 జౌళ్ళు మాత్రమే. భాగించి చూస్తే, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ద్రవం 370 డిగ్రీలు వేడెక్కగలదు. స్టైరీను 145 డిగ్రీలకే మరుగుతుంది. కడియాలలో సగం కలియకముందే తక్కినది మరగడం మొదలుపెట్టడానికి చాలినంత వేడి ఆ ద్రవంలోనే దాగి ఉన్నదన్న మాట.

పైగా సామాన్యంగా రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. వేడి పెరిగితే వేగం, వేగం పెరిగితే మరింత వేడి. చిన్న సీసాలో ఐతే వేడి గోడల గుండా పోతుంది. ట్యాంకు పెద్దదైనకొద్దీ లోపలి ద్రవం ఎక్కువ, దానితో పోలిస్తే గోడ తక్కువ. గంగాళంలో వండిన అన్నం నడిమి భాగం ఎంతసేపటికీ చల్లారకపోవడం వంటిదే ఇది. అందుకే స్టైరీనును చల్లగా, సుమారు 20 డిగ్రీలకు దిగువన ఉంచుతారు. టెర్షరీ బ్యుటైల్ కాటికాల్ అనే నిరోధకాన్ని పది లక్షల పాళ్ళకు పది పదిహేను పాళ్ళ చొప్పున కలుపుతారు. మొదలయిన గొలుసు చివర పట్టుకొని ఈ నిరోధకం పెరుగుదలను ఆపుతుంది. ఐతే అది పనిచేయాలంటే ద్రవంలో కొంచెం ఆమ్లజని కరిగి ఉండాలి. నాళ్ళు గడిచినకొద్దీ నిరోధకమూ హరిస్తుంది. కాబట్టి కొలత తీస్తూ, తగ్గినప్పుడు కలుపుతూ ఉండాలి. ద్రవాన్ని అడుగు నుండి పైకి త్రిప్పుతూ అంతటా ఒకే చల్లదనం ఉండేటట్లు చూడాలి. కర్మాగారం నడుస్తున్నా ఆగినా ఈ కాపలాకు సెలవు లేదు.

2020 మార్చి చివర కరోనా వ్యాధి వల్ల దేశమంతటా పనులు ఆగినవి. వెంకటాపురంలోనూ ఉత్పత్తి నిలిచినది. ట్యాంకులో స్టైరీను అట్లే ఉన్నది. మే 7 వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటల వేళ ట్యాంకు పై భాగం నుండి ఆవిరి ఎగదన్నినది. స్టైరీను ఆవిరి గాలి కన్న మూడున్నర రెట్లు బరువు. అందువల్ల అది పైకి పోయి చెదరక, నేల మీదనే పరచుకొని నిద్రిస్తున్న ఇళ్ళలోకి ప్రాకినది. 12 మంది మరణించినట్లు ప్రభుత్వం తెలిపినది. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. పరుగెత్తుతూ త్రోవలో పడిపోయినవారు కొందరు. పశువులు కట్టుగొయ్యల దగ్గరనే చనిపోయినవి. చెట్ల ఆకులు మాడినవి.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం జూలైలో నివేదిక ఇచ్చినది. అందులోని ముఖ్యాంశాలను పైన చెప్పిన రసాయన శాస్త్రంతో పోల్చి చదివితే కారణం స్పష్టమవుతుంది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలో మాత్రమే కొలిచేవారు. వేడి ద్రవం పైకి చేరుతుంది కనుక పైన ఏం జరుగుతున్నదో ఆ కొలతకు తెలియదు. చల్లబరచే యంత్రాలు 24 గంటలూ నడవలేదు. నిరోధకం చాలినంత లేదు. కరిగిన ఆమ్లజనిని కనిపెట్టి చూచే ఏర్పాటు లేదు. జనాన్ని హెచ్చరించే సైరను మ్రోగలేదు. జాతీయ హరిత న్యాయస్థానం మరునాడే 50 కోట్ల రూపాయలు డిపాజిటు చేయవలసినదిగా కంపెనీని ఆదేశించినది. మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చినది. తేనీటి కప్పు ధరలో ఈ పద్దులు ఏనాడూ వ్రాయబడలేదు. ఒక ఉష్ణమాపకం, ఒక శీతల యంత్రం, కొద్ది కిలోల నిరోధకం, వాటిని చూచే మనుషుల జీతం ఆ ధరలో చేరవలసిన ఖర్చులు. అక్కడ మిగుల్చుకొన్న ఖర్చును మరొకరు తీర్చవలసి వచ్చినది.

గొలుసు అల్లిన తరువాతి సంగతి దీనికి తారుమారు. స్టైరీను ఎంత చురుకైనదో పాలిస్టైరీను అంత నిశ్చలమైనది. పాలిప్రొపిలీనూ అంతే. గోనె మన్నులో పడితే కొన్ని నెలలలో చీకి మట్టిలో కలుస్తుంది. సెల్యులోజును విప్పే సూక్ష్మజీవులకు ఈ కొత్త గొలుసుల ముడి చేతకాదు. ఎండకు తెల్ల సంచి పెళుసుబారి పిప్పిపిప్పిగా రాలుతుంది కాని, ఆ రాలినవీ ప్లాస్టిక్కు తునకలే. వాన నీటి వెంట అవి నాగావళికీ, వంశధారకూ, అక్కడ నుండి సముద్రానికీ చేరుతాయి. 2015 వరకు ప్రపంచంలో పోగుపడిన ప్లాస్టిక్కు చెత్తలో తిరిగి వాడుకకు వచ్చినది నూటికి 9 వంతులు. కాల్చినది 12 వంతులు. తక్కిన 79 వంతులు నేల మీదనో నీటిలోనో ఉండిపోయినవి. మన దేశంలో 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే కొన్ని వస్తువులను, వాటిలో పాలిస్టైరీను చెంచాలనూ అలంకరణకు వాడే థర్మోకోలునూ, నిషేధించారు.

తిరిగి కరగించడం తక్కువగా ఎందుకు సాగుతున్నదో తరగతి గదిలో చూపవచ్చును. ప్లాస్టిక్కు వస్తువుల అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 5 ఐతే పాలిప్రొపిలీను, 6 ఐతే పాలిస్టైరీను. తెల్ల సంచి పీలికనూ, గట్టి పాలిస్టైరీను డబ్బా ముక్కనూ ఒక గిన్నెడు నీటిలో వేసి వేలితో ముంచి వదలాలి. సంచి పీలిక తేలుతుంది; దాని సాంద్రత 0.9. డబ్బా ముక్క మునుగుతుంది. దాని సాంద్రత 1.05. ఈ రెండూ కలిపి కరగిస్తే నూనె, నీరు వలె విడిపోయి పెళుసైన ముద్ద వస్తుంది. కనుక ముందు వేరుచేయాలి. పాత ప్లాస్టిక్కు కరగించే చోట్ల నీటి తొట్టెలు ఉండడానికి కారణం ఇదే. ఐతే పాలితీను కూడ నీటి మీద తేలుతుంది. దానినీ పాలిప్రొపిలీనునూ నీటి తొట్టె విడదీయలేదు. ఆ పని చాలచోట్ల పాత సామాను పోగుచేసేవారు చేతితో తడిమి, నలిపి, చప్పుడు విని చేస్తున్నారు.